బొమ్మకారులో సత్యమెంత?

శూద్రకుని మృచ్ఛకటికమును చదివినవారికి చారుదత్తుని కుమారుడగు రోహసేనుడు జ్ఞాపకముండును. పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొని, అది వాడు తీసికొనిపోగా, దాది చేసి యిచ్చిన మట్టిబండి తనకు వలదని యేడ్చిన పసివాడతడు. వసంతసేన తన నగలను ఒలిచి ఆ మట్టిబండిలో నింపి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మని యిచ్చును. నాటకమునకు పేరు ఆ బండి వలననే వచ్చినది. అంతకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే, హరప్పా నాగరికతకు చెందిన స్థలములలో మట్టితో చేసి కాల్చిన చిన్నబండ్లును, చక్రములును ఉండెనని త్రవ్వకములు చెప్పుచున్నవి. పెద్దలెక్కు బండిని చూచి చిన్నబండిని చేయుట మనుష్యునకు మిక్కిలి పాత అలవాటు.

నా యింటికి వచ్చువారు అద్దాల బీరువాలో వరుసగా నున్న కార్లను చూచి మొదట మనుమనివని అనుకొందురు. నావని తెలిసిన పిమ్మట చిరునవ్వు నవ్వుదురు. ఈ వయసులో బొమ్మలాటలా యని ఆ నవ్వునకు అర్థము. ఆ ప్రశ్నకు నేను పెద్దగా సమాధానము వెదకలేదు. దసరాకో సంక్రాంతికో బొమ్మలకొలువు పెట్టు మన యిండ్లలో, ఆ కొలువును రాత్రి పొద్దుపోవువరకు తీర్చిదిద్దునది పిల్లలు కాదు, వారి అవ్వలు. నన్ను బాధించిన ప్రశ్న వేరొకటి కలదు. ఒక వస్తువునకు నమూనా చేయువాడు సత్యము చెప్పుచున్నాడా, అసత్యము చెప్పుచున్నాడా? సత్యమే యైనచో అది యెవరికి చెల్లవలసిన సత్యము? ఈ ప్రశ్న బొమ్మలతో మొదలై, చివరకు మా నాయన దగ్గరకు పోయి నిలిచినది.

మన జిగణి యెట్టి యూరో ఈ సంచికను చదువువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆనేకల్ తాలూకాలో, బన్నేరుఘట్ట అడవికి దాపున, గ్రానైటు రాతిని కోసి మెరుగుపెట్టు కర్మాగారముల తెల్లని ధూళి యొక ప్రక్క, మందుల తయారీ శాలలొక ప్రక్క, లోహపు విడిభాగములు చేయు చిన్న వర్క్‌షాపులు వేరొక ప్రక్క. అట్టి వర్క్‌షాపు ఒకదానిలో నేను ఇరువదియైదేండ్లు కొలతలు చూచు ఉద్యోగము చేసితిని. మైక్రోమీటరు, వెర్నియరు, గేజి—ఇవియే నా పనిముట్లు. నక్షాలో ఇరువది మిల్లీమీటర్లని యుండి, మిల్లీమీటరులో యాబదవ వంతు హెచ్చుతగ్గులను మాత్రమే సహింతుమని యున్నచో, ఆ హద్దునకు లోపలనున్నది మంచిది, వెలుపలనున్నది చెడ్డది. చెడ్డదానికి ఎఱ్ఱరంగు పూసి వేరుగా పడవేయుదుము. ఆ భాగము ఏ బండిలో ఎచ్చట కూర్చుండునో మాలో పలువురకు తెలియదు. తెలిసికొనవలసిన అవసరమును లేదు. ఇరువదియైదేండ్లు కార్ల ముక్కలను కొలిచితిని గాని, కారు అను సమగ్రవస్తువును ఒక్కనాడును చేసి యెరుగను.

ఉద్యోగము మానిన యేడు నా మనుమని పుట్టినరోజునకు ఎవరో ఒక కిట్టు పెట్టె బహుమానమిచ్చిరి. పెట్టె మీది ఎఱ్ఱకారు బొమ్మను చూచి వాడు మురిసెను. మూత తీసి లోపల కారు లేకపోవుట చూచి డీలాపడెను. అందున్నవి నాలుగైదు ప్లాస్టిక్కు చట్రములు, వానికి పిందెలవలె అంటియున్న నూరు చిల్లర ముక్కలు, ఒక ముద్రిత పత్రము. వాడు రెండవనాటికి దానిని మరచిపోయెను. నేను మరువలేకపోతిని.

పని తెలియనివారి కొఱకు రెండు మాటలు చెప్పెదను. ముక్కను చట్రమునుండి చిన్న కటింగు ప్లయరుతో కత్తిరించి, తొడిమ మచ్చను ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. ఇందు వాడు జిగురు నిజమునకు జిగురు కాదు. అది ప్లాస్టిక్కును కొంచెము కరగించును. రెండంచులును కరగి కలిసి, ద్రవము ఆవిరియైపోగా ఒకే ముక్కయగును. వెల్డింగు ఎరిగిన మన జిగణివారికి ఇది వెంటనే బోధపడును. తరువాత ప్రైమరు పూత, దానిపై రంగు, దానిపై మెరుగు, నడుమ నడుమ మరల ఉప్పుకాగితము. ఓపిక యున్నవాడు ఇంజనునకు తీగలు కూడ తగిలించును. పెట్టె మీద 1/24 అని యుండును. అనగా అసలు కారులో ఒక అడుగు బొమ్మలో అరయంగుళము. అమెరికా కంపెనీలు పెక్కు 1/25 లెక్కను వాడినవి.

మొదటి కారు పూర్తియైన దినమున పాత అలవాటు చొప్పున వెర్నియరు తీసి కొలిచితిని. పొడవు, వెడల్పు, ఇరుసుల నడిమి దూరము సరిపోయినవి. కాని చూచుటకు అది కారువలె లేదు. కారు ఆకారముగల సబ్బుబిళ్ళవలె నుండెను. కారణము వెదకుటకు నాకు కొన్ని నెలలు పట్టినది.

అసలు కారు ఒంటిరేకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందము. దానిని 24 చేత భాగించినచో సిగరెట్టు కాగితమంత పలుచనగును. ప్లాస్టిక్కును అచ్చులో అంత పలుచగా పోయుట కుదరదు. కిట్టులోని గోడయే ఒక మిల్లీమీటరుండును. ఆ లెక్కను తిరుగవేసి చూచినచో, అది అంగుళము దళసరి ఇనుపగోడ గల కారు! అందుచేత చక్రముపైని వంపులో అంచును మాత్రము లోపలనుండి గీకి పలుచన చేయుదురు. కన్ను అంచును చూచి రేకంతయు పలుచనే యని నమ్మును. ఇక రంగు. కారుపైని పూత మిల్లీమీటరులో పదవ వంతు. బొమ్మపైనను సుమారుగా అంతే పడును. అనగా అసలు కారునకు రెండున్నర మిల్లీమీటర్ల రంగు పులిమినట్లు. మెటాలిక్ రంగులోని వెండిపొడి రేణువులు మన కొఱకు కుదియవు. పెద్దకారుపై తళుకుగా నుండునవి చిన్నకారుపై ఆవగింజలు చల్లినట్లుండును. టైరు నల్లనిది కదా యని నేను కాటుకవంటి నలుపు వేసితిని. అది టైరువలె గాక రంధ్రమువలె కనబడినది. 1/24 బొమ్మను ఒక అడుగు దూరమునుండి చూచుట, కారును ఇరువదినాలుగు అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. ఆ దూరములో గాలి కలదు, ధూళి కలదు, వెలుతురు చెదరుట కలదు; నలుపు బూడిదరంగునకు దిగును. బొమ్మకు ఆ గాలి లేదు గనుక నలుపులో తెలుపును మనమే కలుపవలెను.

అన్ని కొలతలకును బదులు చెప్పగల నాకు ఇది మింగుడుపడలేదు. కొన్నియెడల కొలత తప్పిన గాని పోలిక కుదరదట! ఎఱ్ఱరంగు పూసి పడవేయదగిన ముక్కలే కారును కారువలె చేయుచున్నవట!

వాత్స్యాయనుని కామసూత్రమునకు జయమంగళ వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు ఆరంగములు చెప్పినాడు: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. అవనీంద్రనాథ ఠాకూరు వీనిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసిన తరువాత ఈ షడంగములు మన చిత్రకారులలో మరల ప్రసిద్ధికి వచ్చినవి. నాకు వానిలో ఆశ్చర్యము కలిగించినది ఒక్కటే. ప్రమాణమనగా కొలత, సాదృశ్యమనగా పోలిక. కొలత సరిపోయినచో పోలిక తానే వచ్చునని మన పెద్దలు తలచి యుండినచో రెండింటిని ఒకే అంగముగా చెప్పియుండెడివారు. వేరువేరుగా లెక్కించిరి, ఒకటి వచ్చిన మాత్రమున రెండవది రాదని వారికి తెలిసియుండవలెను.

గ్రీకుదేశమున ప్లేటో కూడ తన ‘సోఫిస్టు’ అను సంవాదములో ఈ భేదమునే యెత్తినాడు. మాతృకయొక్క పాళ్ళను ఉన్నవున్నట్లు అనుసరించు అనుకరణ యొకటి. చూచువాని కంటికి సరిగా తోచుటకై పాళ్ళను మార్చు అనుకరణ వేరొకటి. మిక్కిలి పెద్ద విగ్రహములలో పైభాగము దూరమగుటచే చిన్నదిగా కనబడును గనుక శిల్పులు అచ్చట కొలతలను మార్చుదురని అతడు దృష్టాంతము చూపినాడు. రెండవ తెగపై ప్లేటోకు నమ్మకము లేదు. అది సత్యమును వదలి తోపును పట్టుకొనునని అతని ఆక్షేపణ. ఆయన ఎదుట నా బీరువాను పెట్టినచో గీకిన అంచును, తెలుపు కలిపిన టైరును చూచి నన్ను ఆ రెండవ తెగలోనే చేర్చియుండును. నేను వర్క్‌షాపులో నున్ననాడైనచో ప్లేటో పక్షమునే వహించియుందును.

అయితే ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. మైసూరు దారిలో పోవునప్పుడు మొదట బిడది వచ్చును. అచ్చటి టొయోటా కర్మాగారములో 1999 నుండి అసలు కార్లు తయారగుచున్నవి. అదే దారిలో రామనగరము దాటిన పిమ్మట చన్నపట్టణము వచ్చును. అచ్చట కొయ్యకార్లు తయారగును. తిరుగుడు యంత్రముపై కొయ్యను పట్టి, లక్కరంగు ఒత్తి, నాలుగు గుండ్రని చక్రములు తగిలించిన ఆ కారునకు తలుపులు లేవు, దీపములు లేవు, ఏ కంపెనీదని చెప్పుటకును లేదు. మన విశాఖ సీమలోని ఏటికొప్పాకవారును అదే జాతి కొయ్యతో—మనవారు అంకుడు అందురు—అదే విధముగా లక్కబొమ్మలు చేయుదురు. ఈ బొమ్మలను అసత్యమని యెవరైనను అన్నారా? అనరు. అవి యే కొలతను వాగ్దానము చేయలేదు. పెట్టెమీద 1/24 అని వ్రాసిన క్షణమునుండియే మనకు ఋణము మొదలగును. ఇంతలో ఇన్నవవంతు అని చెప్పినవాడు మిగిలిన దానికి లెక్క చెప్పవలసియుండును.

ఆ లెక్కలు సహితము ఎట్లు పుట్టినవో తెలిసిన నవ్వు వచ్చును. జపానులోని షిజుఓకాలో కలప వ్యాపారముగా 1946లో మొదలైన తమియా కంపెనీ 1960వ దశకారంభమున ఒక యుద్ధశకటమునకు నమూనా చేసినది. దానిలో మోటారును, బ్యాటరీలను ఇమిడ్చినప్పుడు ఏ పరిమాణము వచ్చినదో దానిని లెక్కవేయగా సుమారు 1/35 అయినది. ఆ అంకెయే తరువాత లోకమంతట సైనికశకటముల నమూనాలకు ప్రమాణమైనది. బ్యాటరీ యెంతయో సత్యమును అంత యని యర్థము. ఆ కంపెనీయే తరువాత పోర్షే కారునకు నమూనా చేయదలచి, షున్‌సాకు తమియా అసలు కారునే కొని ముక్కలు ముక్కలుగా విప్పించి కొలతలు తీసికొన్నాడు. ప్రమాణమునకై ఇంత శ్రమపడినవారు కూడ రేకు మందమును ఏమియు చేయలేకపోయిరి.

కిట్టులోని ముక్కలను అతికించుట స్వంతపనియా, యెవరో చేసినదానికి కూలియా యని కొందరడుగుదురు. అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన ఫిషర్ బాడీ వారు 1930 నుండి 1968 వరకు బాలురకు ఒక పోటీ నడిపిరి. మొదట నెపోలియను గుఱ్ఱపుబండికి నమూనా చేయవలెను. తరువాత స్వయముగా ఊహించిన కారునకు. ముక్కలు ఇచ్చువారు లేరు. కొయ్య, లోహము, గుడ్డ అన్నియు తామే తీర్చుకొనవలెను. దానితో పోల్చినచో కిట్టుపని తేలిక. ఇంతకంటె ఈ విషయములో చెప్పదగినది లేదనుకొందును. వరిని తామే పండించిన గాని వంట వంట కాదనువారు లేరు కదా.

నా కార్లలో నాలుగవదానికి ఇంజనులో తీగలన్నియు తగిలించితిని. ప్లగ్గులకు నాలుగు, కాయిలునకు ఒకటి, రేడియేటరునకు రెండు గొట్టములు. తగిలించి బానెట్టును అతికించివేసితిని. ఆ కిట్టులో అది తెరచుకొనునది కాదు. మా సంఘములోని విశ్రాంత ఉపాధ్యాయులొకరు సాయంకాలపు నడకలో నన్ను నిలదీసిరి: “ఎవరూ చూడబోని పని ఎవరి కోసమండీ?” దేవుడు చూచునంటినా, దేవుని నావంటి ఇన్‌స్పెక్టరుగా దించినవాడనగుదును. నాకు తెలియును గదా యంటినా, అందులో అహంకారము వాసన వేయును. ఇంజనులో తీగలుండును గనుక పెట్టితినని మాత్రము చెప్పితిని. ఆయనకు తృప్తి కలుగలేదు. నాకును కలుగలేదు.

నేను చేసిన అంబాసిడరు సంగతి ఇక చెప్పవలెను. దీనికి మూలమైన పెద్దాయన ఇప్పుడు లేరు గనుకనే వ్రాయుచున్నాను. ఊరి పేరు, ఇంటిపేరు ఇందు రావు.

మా నాయన మదనపల్లె దాపున ఒక పల్లెలో పెద్దయింటివారి కారు నడిపెడివాడు. తెల్లని అంబాసిడరు, మార్క్ టూ. హిందుస్థాన్ మోటార్సువారు వంగదేశమున ఉత్తరపాడాలో ఆ కార్లను 2014 వరకు చేసిరి. నాకు పదునాలుగేండ్లున్నప్పుడు, 1972లో, ఒక రాత్రి హార్సిలీ కొండ దిగి వచ్చుచుండగా ఆ కారు మైలురాయికి తగిలి, ముందు ఎడమ మడ్‌గార్డు సొట్టపోయినది. రెప్ప పడినదని మా నాయన యజమానితో చెప్పి తప్పొప్పుకొనెను. రెండు నెలల జీతము విరిచిరి. అది పెద్ద సంగతి కాదు. కాని ఊరిలో అతనికి నిద్రమొగము డ్రైవరని పేరు వచ్చినది. డ్రైవరునకు అంతకంటె చెడ్డపేరు లేదు. బడిలో నాకును ఆ పేరు తప్పలేదు. ఒకనాడు, ఏదో కోపములో, నేనే ఆ మాటను మా నాయన మొగముమీద అంటిని. ఆయన కంచము ముందునుండి లేవలేదు. అన్నము తినుటయు మానలేదు.

1999లో, పోవుటకు నెల ముందు, ఆస్పత్రిలో చెప్పినాడు: ఆనాడు బండి నడిపినది తాను కాదు, పెద్దయింటి అబ్బాయి. అతనికి అప్పుడు సంబంధములు చూచుచుండిరట. ఎవరికిని చెప్పవద్దని మా నాయన నన్ను అడుగలేదు, చెప్పుమనియు అనలేదు.

ఉద్యోగము మానిన తరువాత కొన్నేండ్లకు, జయనగరములో స్థిరపడిన ఆ పెద్దయింటి ఆడపడుచులు ఇద్దరు నా యిల్లు వెదకికొని వచ్చిరి. తమ తండ్రికి ఎనుబదవ పుట్టినరోజు పండుగ చేయుచున్నామనియు, ఆనాటి కారును బొమ్మగా చేసి యిమ్మనియు అడిగిరి. ఒక ఫోటో ఇచ్చిరి: 1969లో ఆయుధపూజనాడు తీసినది. పూలదండలు వేసిన కారు, చుట్టును ఇంటివారు. ఫోటో అంచులో తలుపుపై ఒక చేయి కనబడును. ఆ చేయి మా నాయనది. తక్కిన మనిషి ఫోటోకు వెలుపల నున్నాడు.

కాదనవలెనని నోటివరకు వచ్చినది. కాని ఒప్పుకొంటిని. ఒప్పుకొన్ననాటి నుండి నా ప్రశ్న మొదలైనది. సొట్టను చేయవలెనా, మానవలెనా?

మానుటకు దారి సులభముగా కలదు. నమూనా యే సంవత్సరపు కారునకో మొదట నిర్ణయించుకొనవలెను. అది ఈ విద్యలో నియమము. ఫోటో 1969 నాటిది. సొట్ట 1972 నాటిది. 1969 నాటి కారు చేసినచో సొట్ట లేకపోవుటయే సత్యము. ఏ ఇన్‌స్పెక్టరును తప్పు పట్టజాలడు. ఉపాధ్యాయులవారును ఈ సలహాయే యిచ్చిరి: “అడిగింది చేసిపెట్టండి, పండుగ పూట ఎందుకు?” కాని కొలతలన్నియు సరియై లోపల డొల్లయగు వస్తువును నేను అప్పటికే ఒకటి చేసియుంటిని. ఫోటో ప్రకారము చేసిన కారులో మా నాయన ఒక చేయిగా మాత్రమే మిగులును.

చేయుటలోను చిక్కు కలదు. ఆ సొట్ట సత్యమే. కాని అది యెవరి సత్యము? దానిని తన తప్పుగా చేసికొని ఇరువదియేడేండ్లు మోసినవాడు మా నాయన. ఆయన మూసిన దానిని ఆయన పోయిన తరువాత, నిండుసభలో, ఒక ముసలివాని యెదుట నేను తెరచుట సత్యవ్రతమా? నేను బాలుడనై ఆయనను అన్న మాటకు వేరొకనిచేత మూల్యము చెల్లింపజూచుట కాదా? నిజము చెప్పెదను: మొదటి వారము సొట్ట చేయవలెననియే నిశ్చయించుకొంటిని, ఆ నిశ్చయములో సత్యముకంటె కసి యెక్కువ. హరిశ్చంద్రుని కథ విని పెరిగిన మనకు నోరు తెరచుటయే సత్యమని యొక తలపు కలదు. సత్యము చెప్పువాని చేతిలో రాయి కూడ ఉండవచ్చునని ఆ కథ చెప్పదు.

దారి చూపినది ఆడపడుచులలో చిన్నామె. రంగు గూర్చి మాటలాడుటకు ఫోను చేసినప్పుడు ఆమె అన్నది: “ఎడమ పక్క రంగు కొంచెం పాలమీగడ మాదిరి ఉండేదండీ. మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు అక్కడే వేలితో దుమ్ములో పేర్లు రాసేవాళ్ళం.” ఆమె 1972కు తరువాత పుట్టినది. ఫోటోలోని కారును ఆమె ఎన్నడును ఎరుగదు. ఆమె ఎరిగినది సొట్ట తీసి, పుట్టీ పెట్టి, పట్టణములో రంగు వేయించిన కారు. ఆ తెలుపు ఈ తెలుపుతో కలియలేదు. కారణము తెలియకయే ఆ మచ్చను ఆమె తన చిన్నతనముగా దాచుకొన్నది. ఎవరి కొఱకు కారు చేయుచున్నానో వారి సాదృశ్యములో ఆ మచ్చ కలదు.

జిగణిలో పుట్టిన మన పిల్లల తెలుగు కూడ ఇట్టిదే యని అప్పుడు తోచినది. కన్నడపు మాట పడిన చోట రంగు కొంచెము తేడాగా నుండును; కోస్తానుండి వచ్చిన చుట్టములు దానిని తప్పుగా లెక్కింతురు. అది దెబ్బ తగిలిన చోటు కాదు, బ్రతికిన చోటు. ఇది ప్రక్కమాట.

ఆ కారునకు నాకు కిట్టు దొరకలేదు. ప్లాస్టిక్కు రేకులు కోసి, వేడిచేసి, కొయ్య అచ్చుపై లాగి చేసితిని. అంబాసిడరు పొడవు 4325 మిల్లీమీటర్లు, ఇరుసుల నడిమి దూరము 2464. బొమ్మలో 180, 103. ముందరి జల్లెడకు టీ వడపోయు జాలరిని కత్తిరించితిని. స్టీరింగు క్రిందనే గేరుకడ్డీ, ముందు పొడుగుసీటు, సీటు వీపుపై మడిచిన తుండుగుడ్డ. అది మా నాయనది. ఎనిమిది నెలలు పట్టినది.

మడ్‌గార్డు వంతు వచ్చినప్పుడు, సన్ననిమంటకు చూపిన చెంచా వెనుకభాగముతో ప్లాస్టిక్కును లోనికి ఒత్తితిని. అరచేయి వెడల్పు సొట్ట, బొమ్మలో నాలుగు మిల్లీమీటర్లు. తరువాత ఆనాటి మేస్త్రి చేసినట్లే వెలుపలినుండి పుట్టీ నింపి, ఉప్పుకాగితముతో నునుపుచేసి, తెలుపులో చిటికెడు పసుపు కలిపి ఆ భాగమునకు మాత్రము వేసితిని. వెలుపల చూచువారికి రంగుతేడా. తలక్రిందులుగా పట్టి మడ్‌గార్డు లోపల దీపము వేసి చూచువారికి సొట్ట. పుట్టీతో కప్పుట పిరికితనము కాదా యని నన్ను నేనే అడిగికొంటిని. కొంత పిరికితనమే కావచ్చును. కాని ఆ కారునకు జరిగినది కూడ అదే: సొట్ట పడుట యొకటి, దానిని మూసి నడుపుట యొకటి, రెండింటిని మా నాయన చూచినాడు. రెండవదానిని ఆయనయే కోరినాడు.

పండుగనాడు జయనగరములో హాలు నిండినది. పెద్దాయనకు చూపు కొంత మందగించినది. కారును చేతికిచ్చితిని. మొదట తుండుగుడ్డను చూచి నవ్విరి. పిమ్మట బొటనవ్రేలితో బానెట్టును, దీపములను తడవుచు ఎడమ మడ్‌గార్డు దగ్గరకు వచ్చి, కండ్లకు దగ్గరగా పట్టుకొని యడిగిరి:

“ఈ పక్క రంగు రవ్వంత తేడాగా ఉండాదే నాయనా?”

“అవును సామీ. అప్పుడూ అట్లే ఉణ్ణింది.”

ఆయన కారును తలక్రిందులు చేసి చూడలేదు. వ్రేలును అచ్చటనే కొంతసేపు ఉంచిరి. “మీ నాయన ఎప్పుడు పోయినాడు?” అని అడిగిరి. 1999 శ్రావణములో అని చెప్పితిని. తల యూచి, కారును బల్లమీద తానే పెట్టిరి. పెట్టునప్పుడు ఆ ఎడమ ప్రక్కను గోడవైపునకు గాక సభవైపునకు త్రిప్పి పెట్టిరి.